పొడిదగ్గా, తడిదగ్గా అని అడిగే రత్నమాల

లచ్చమ్మ ఆ పూట మందుల దుకాణానికి పోయింది మోకాళ్ళకు రాసుకునే మందు కోసం. మెట్టు మీద కాలు పెట్టిందో లేదో, లోపల మాటా మాటా పెరిగింది. తగాదా చెవిన పడితే దాటిపోయే మనిషి కాదు లచ్చమ్మ. కొంగు సర్దుకుని గాజుబల్లకు ఒక పక్కగా నిలబడింది.

బల్లకు అవతల ఎత్తుపీట మీద కూర్చున్నది రత్నమాల. దుకాణం ఆమెదే. ఇవతల నిలబడ్డవాడు మందుల కంపెనీ మనిషి. మెడకు టై, చేతిలో తోలుసంచి. బల్ల మీద ఎర్రటి దగ్గుమందు సీసాలు వరసగా నిలబెట్టాడు. ఎలాంటి దగ్గుకైనా ఈ ఒక్కటీ చాలునని, మాదాపూర్ ఆఫీసుల్లో పిల్లలంతా ఇదే తాగుతున్నారని, పెట్టె తీసుకుంటే పైన ఇంకొన్ని సీసాలు ఊరికే వస్తాయని ఎంతసేపటి నుంచో చెబుతున్నాడు. రత్నమాల కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, సీసా వెనక చీమలబారులా ఉన్న అక్షరాలు చదువుతోంది.

"ఈ పైన రాసిందేమో దగ్గును ఆపే మందండీ. దీని కింద రాసిందేమో కఫాన్ని పైకి తెచ్చే మందు. కఫం బయటికి రావాలంటే మనిషి దగ్గాలి కదా. దగ్గును ఆపేసి కఫాన్ని రమ్మంటే ఎలా వస్తుందండీ, లిఫ్టులో వస్తుందా?"

అక్కడున్న నలుగురూ నవ్వారు. కంపెనీ మనిషి కూడా నవ్వి, పెద్ద పెద్ద డాక్టర్లే రాస్తున్నారని అన్నాడు. డాక్టరు చీటీ తెచ్చినవాళ్ళకు తెప్పించి ఇస్తానని, తనంతట తాను ఎవరికీ అంటగట్టనని ఆమె చెప్పింది. అతను వదల్లేదు. ఊళ్ళో అన్ని దుకాణాలూ పెట్టుకున్నాయి, మీకొక్కరికే ఎందుకీ పట్టుదల అన్నాడు. అప్పుడామె పీట దిగి, వెనక ఉన్న అరలను చూపించింది.

"సరే, కొంటానండీ. ఏ అరలో పెట్టాలో మీరే పెట్టండి. దగ్గు ఆపేవాటి పక్కనా, కఫం తెచ్చేవాటి పక్కనా?"

అతను సీసా పట్టుకుని ఒక అర దాకా పోయాడు. ఆగాడు. ఇంకో అర వైపు తిరిగాడు. అక్కడా చెయ్యి లేవలేదు. చివరికి ఆ సీసా సంచిలోకే పోయింది, మిగతావీ దాని వెంటే పోయాయి. అతను మెట్లు దిగుతుంటే చూసినవాళ్ళంతా భలే అన్నారు.

లచ్చమ్మ అనలేదు. నోటితో గెలిచేవాళ్ళంటే ఆమెకు ఇష్టమే, తానూ ఆ జాతే. కానీ ఈమె అరవలేదు, తిట్టలేదు, చెయ్యి తిప్పలేదు. ఒక్కో ప్రశ్న మెత్తగా వేస్తూ ఎదుటివాడి నోటితోనే వాణ్ణి ఓడించింది. హఫీజ్‌పేట్ చేలు ప్లాట్లవుతున్న రోజుల్లో లచ్చమ్మ ఇంటికి వచ్చిన భూముల మనిషి కూడా ఇలాగే మాట్లాడాడు. చేను ఎవరు చూసుకుంటారు, నీళ్ళెక్కడివి, మీ తర్వాత ఎవరు దున్నుతారు అని అడిగి అడిగి, అమ్ముకోవడమే నయమని లచ్చమ్మ చేతనే అనిపించాడు. ఇప్పుడా చేలో అద్దాల మేడ ఉంది. అప్పటినుంచి మెత్తగా ప్రశ్నలడిగేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళు మంట. తన మోకాళ్ళ మందు డబ్బాను అటూ ఇటూ తిప్పి, మూత గట్టిగా ఉందో లేదో చూసుకుని మరీ ఇంటికి తెచ్చుకుంది.

రత్నమాలది రేపల్లె వైపు. భర్త పట్టాభిరామయ్యది సర్కారు ఆఫీసులో గుమాస్తా పని. బదిలీ మీద వచ్చి, రైలు స్టేషనుకు ఇటుపక్క కాలనీలో ఇల్లు కట్టుకుని, ఇంటి ముందరి గదిని దుకాణం చేశారు. అంతకుముందు ఆమె తమ వైపు ఒక ఆస్పత్రిలో మందులిచ్చే కిటికీ దగ్గర పనిచేసిందట. ఈ సంగతులన్నీ లచ్చమ్మకు చెప్పింది సక్కుబాయి. సక్కుబాయిది లచ్చమ్మ గల్లీయే, పొద్దున్నే రత్నమాల దుకాణం ఊడ్చి, ఇంట్లో గిన్నెలు తోమి వస్తుంది.

ఆ ఆస్పత్రి కిటికీలో దగ్గుకు ఒకటే మందు ఉండేదట. పెద్ద క్యాను, దాని మీద ఒక గరాటు. పసిపిల్ల దగ్గినా, ముసలాయన దగ్గినా, ముక్కు కారినా, గుండెలో పిల్లికూతలు కూసినా అదే క్యానులోంచి అవే ఎర్రనీళ్ళు. జనం ఇంటి నుంచి సీసాలు తెచ్చుకుని పట్టించుకుపోయేవాళ్ళు. కొందరికి తగ్గేది. కొందరు తగ్గక మళ్ళీ వస్తే మళ్ళీ అదే పోయాలి. ఆ గరాటు పట్టుకున్నన్నాళ్ళూ తనకు చేతులు కడుక్కున్నా పోని జిగురు ఉండేదని రత్నమాల సక్కుబాయితో అన్నదట.

"గంత జిగురుంటే నౌకరి ఇడిచిపెట్టి రావాల్నా? సబ్బు లేదా ఆ దేశంల?" అన్నది లచ్చమ్మ.

వేరే మందుల దుకాణాల్లో అక్షరాల వరసలోనో, కంపెనీల వరసలోనో సర్దుకుంటారు. రత్నమాల కూడా జ్వరం మాత్రలూ కడుపు మందులూ అలాగే సర్దింది. ఊపిరి మందులను మాత్రం అవి చేసే పనిని బట్టి పెట్టింది. ముక్కు దగ్గర మొదలై ఊపిరితిత్తుల దాకా దిగుతుంది ఆ సర్దుడు. అన్నిటికన్నా పైన ముక్కుదిబ్బడ విప్పేవీ, తుమ్ములూ దురదా అణిచేవీ. దాని కింద పొడిదగ్గును ఆపేవి. ఇంకా కింద కఫాన్ని పలచన చేసేవీ, పైకి తెచ్చేవీ. ఆ కింద, చేతికి అందే ఎత్తులో, పీల్చే మందులు. అవి మళ్ళీ రెండు జట్లు. బిగుసుకున్న ఊపిరిగొట్టాన్ని అప్పటికప్పుడు వదులు చేసేవి ఎడమ చేతి వైపు, గొట్టం లోపలి వాపును నెమ్మదిగా తీసేవి కుడిచేతి వైపు. ఒంట్లో పురుగును చంపే యాంటీబయాటిక్ మందులు ఈ అరల్లోనే కనబడవు, అవి తాళం వేసిన బీరువాలో ఉంటాయి. తుమ్మినా దగ్గినా అవే కావాలని జనం అడుగుతారని, అందుకే వాటికి తాళమని సక్కుబాయి చెప్పింది. తాళం అనగానే లచ్చమ్మ కనుబొమలు లేచాయి.

ఈ సర్దుడుతో ఒక చిక్కు ఉంది. మందుకు అర దొరకాలంటే ముందు దగ్గు ఏ రకమో తేలాలి. అందుకని రత్నమాల ప్రతి మనిషినీ నిలబెట్టి అడిగేది. పొడిదగ్గా, తడిదగ్గా? కఫం ఏ రంగులో పడుతోంది? పడుకుంటే ఎక్కువవుతుందా? ఇంట్లో పొగ ఉందా? ఎక్కడ పని చేస్తారు, పక్కన ఏం కడుతున్నారు? ఇంట్లో ఎంతమంది, ఇంకెవరైనా దగ్గుతున్నారా?

మామూలు రోజుల్లో అయితే జనం కొంచెం విసుక్కుని చెప్పేసేవాళ్ళే. అవి మామూలు రోజులు కావు. తెలంగాణ కావాలని ఊరూవాడా రోడ్డెక్కిన కాలం. స్టేషన్ ముందర దీక్షల టెంటు ఉండేది. ఒకనాడు రైళ్ళు ఆగేవి, ఒకనాడు బస్సులు. పోలీసులు గల్లీల్లోకి వచ్చి ఫలానా ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారని ఆరా తీసేవాళ్ళు. లచ్చమ్మ ఇంటి వెనక గదిలోనే అప్పుడు పోలీసులు వెతుకుతున్న ఇద్దరు యూనివర్సిటీ పిల్లలు తలదాచుకుని ఉన్నారు. వాళ్ళను తెచ్చి పెట్టింది ఆమె మరిది పోచయ్య, టెంటు పనులన్నీ చూసేవాడు.

ఆ పోచయ్యే ఒకనాడు అరుగు మీద కూర్చుని అన్నాడు. "వదినే, ఆమె మందులమ్ముతున్నదా, మనుషుల లెక్క తీస్తున్నదా? ఇంట్ల ఎంతమందున్నరని ఎందుకడుగుతది? దగ్గు తలకాయలు లెక్కవెట్టుకోని వస్తదా?"

ఆ మాట లచ్చమ్మ లోపల కూర్చుంది.

లచ్చమ్మ చదువు రెండో తరగతితో ఆగింది. వేలిముద్ర మాత్రం ఎన్నడూ వేయలేదు, నాలుగక్షరాలు గీకి సంతకమే చేస్తుంది. ఆమెకు రాసుకోకుండా వచ్చింది ఒకటుంది, అది బతుకమ్మ పాట. గల్లీలో ఆడవాళ్ళు బతుకమ్మల చుట్టూ తిరుగుతుంటే పాట ఎత్తుకునేది ఆమే. ఆమె ఒక మాట చెప్పాలి, అందరూ అందుకోవాలి. అత్త పోయిన నాటి నుంచి ఆ చోటు ఆమెది. ఎవరికీ ఇవ్వలేదు, అడిగే ధైర్యం కూడా ఎవరికీ లేదు. ఆ ఏడాది పండుగ సకల జనుల సమ్మె నడుమ పడుతోంది. ఈసారి గల్లీలో కాదు, స్టేషన్ ముందర రోడ్డు మీదే ఆట అని, చుట్టుపక్కల బస్తీల ఆడవాళ్ళంతా వస్తారని, అంతమందికీ పాట చెప్పాల్సింది తన వదినేనని పోచయ్య ఊరంతా చెప్పి వచ్చాడు.

సరిగ్గా అలాంటి ఏడాదిలో లచ్చమ్మకు దమ్ము పట్టుకుంది.

మేడల పునాదులకు రాళ్ళు పేల్చిన దుమ్ము ఎన్నేళ్ళుగానో ఆ గల్లీ మీద పడుతోంది. బట్టలు ఆరేస్తే బూడిద రంగు తేలేవి. మొదట మెట్లెక్కితే ఆయాసం. తర్వాత నాలుగు మాటలు వరసగా అంటే ఆయాసం. పాటలో ఒక్క చరణం ఇంట్లో తనకు తాను అనుకుని చూసుకుంది, సగంలో ఊపిరి తెగింది. ఎవరికీ చెప్పకుండా మియాపూర్ దవాఖానకు పోయింది. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి విని, చీటీ మీద రెండు పీల్చే మందులు రాశాడు. అవి తేవాలంటే దగ్గరలో రత్నమాల దుకాణమే.

రత్నమాల చీటీ చూసి, ఒకే అరలో ఎడమ నుంచి ఒకటీ కుడి నుంచి ఒకటీ తీసింది. ఒకటి నీలం పంపు, ఒకటి గోధుమరంగు పంపు.

"రెండెందుకు?" లచ్చమ్మ అడిగింది. "ఒక్క మనిషికి ఒక్కటి చాలదా?"

"రెండూ ఒకటి కాదండీ పెద్దమ్మగారూ. మీ గల్లీ అనుకోండి. ఒక ఆటో అడ్డంగా ఆగిపోయింది, మనుషులు పోలేకపోతున్నారు. ఈ నీలంది ఆ ఆటోను పక్కకు నెడుతుంది, వెంటనే దారి దొరుకుతుంది. కానీ గల్లీకి రెండు పక్కలా ఇళ్ళవాళ్ళు అరుగులు కొంచెం కొంచెం ముందుకు జరుపుకుంటూ వస్తున్నారనుకోండి, అప్పుడు ఆటోను నెట్టి ఏం లాభం? ఆ అరుగుల్ని వెనక్కి పంపేది ఈ గోధుమరంగుది. ఆయాసం ఉన్నా లేకపోయినా పొద్దునా సాయంత్రం పీల్చాలి, పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి."

నిరుడే లచ్చమ్మ తన ఇంటి అరుగును గల్లీలోకి మూరెడు జరిపించింది. అది చూసే ఈమె ఆ మాట అన్నదని ఆమెకు రూఢి అయిపోయింది. ఆ పైన ప్రశ్నలు మొదలయ్యాయి. వంట దేని మీద, పడక ఎక్కడ, కిటికీ ఎటు వైపు. అన్నిటికీ ముక్తసరిగా చెప్పింది. ఇంట్లో ఎంతమంది పడుకుంటారని అడిగేసరికి వెనక గది పిల్లలు కళ్ళ ముందు మెదిలారు.

"దగ్గేది నేనొక్కదాన్నే. ఉన్నోళ్ళతోని నీకేం పని?" అని రెండు డబ్బాలూ కొంగులో వేసుకుని దిగి వచ్చింది.

ఇంటికి వచ్చి నీలంది పీల్చింది. నాలుగు అడుగులు వేసేలోపు గుండెలో తలుపు తీసినట్టయింది. గోధుమరంగుది పీల్చింది. ఏమీ కాలేదు. మర్నాడు పీల్చింది, ఏమీ కాలేదు. రుచి లేదు, ఘాటు లేదు, గుణం లేదు. లచ్చమ్మ లెక్కలో మందంటే నాలుక మీద మండాలి, లేదా ఒంట్లో ఎక్కడో తెలియాలి. తెలియని మందుకూ ఉత్త గాలికీ తేడా ఏమిటి? నీలం పంపులో అసలు మందు పెట్టి, దాని చాటున ఖాళీ పంపు ఒకటి అంటగట్టిందన్నమాట. అంత తెలివిగా కంపెనీ మనిషినే తిప్పి పంపిన మనిషికి ముసలిదాన్ని తిప్పడం ఎంతసేపు? గోధుమరంగు పంపును గూట్లో పెట్టి దాని మీద గుడ్డ కప్పింది. నీలం పంపును మాత్రం ఒళ్ళోంచి దించలేదు, ఇష్టమొచ్చినప్పుడల్లా పీల్చుకుంది. అది అంతకంతకూ తక్కువసేపు పనిచేయడం ఆమెకు తెలుస్తూనే ఉంది. అందులోనూ ఏదో తగ్గించి ఉంటారనుకుంది.

సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లో ఆగాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి, పగలంతా కరెంటు లేదు. పండుగ ముంగిట్లోకి వచ్చింది. లచ్చమ్మ చెరువు కట్ట వైపు నుంచి తంగేడు, గునుగు తెప్పించి, గునుగు పూలను రంగుల్లో ముంచి ఇల్లంతా ఆరబెట్టింది. ఆ పని చేసిన పూటే ఉన్న నీలం పంపు అయిపోయింది. మళ్ళీ దుకాణానికి పోక తప్పలేదు.

రత్నమాల కొత్త పంపు చేతిలో పట్టుకుందే గాని ఇవ్వలేదు. ఇది అప్పుడే అయిపోకూడదని, రెండోది సరిగ్గా పీలుస్తున్నారా అని అడిగింది. పీలుస్తున్నానని లచ్చమ్మ కళ్ళార్పకుండా చెప్పింది. రత్నమాల ఆమె చేతులు చూసింది. వేళ్ళకు గులాబీ రంగు, పచ్చ రంగు అంటి ఉన్నాయి.

"ఆ గునుగు పూలు మీరు ముట్టుకోకండి పెద్దమ్మగారూ. ఎండాక దులిపితే సన్నటి నూగు లేస్తుంది, అది మీ గుండెకు పడదు. బతుకమ్మను ఇంకెవరినైనా పేర్చమనండి. మీరు కొంచెం దూరంగా కూర్చుని..."

ఆమె మాట పూర్తి కానివ్వలేదు లచ్చమ్మ. బల్ల మీద అరచేత్తో కొట్టింది.

"బతుకమ్మను ముట్టుకోవద్దా? ఇగ గదొక్కటే మిగిలిందా మీకు? భూములు పోయినయి, నౌకర్లు పోయినయి. ఇప్పుడు నా పండుగకు నన్నే దూరంగ కూసోమంటున్నవ్. ఎవరు చెప్పమన్నరు నీకు గీ మాట?"

దుకాణం ముందర నిలబడ్డవాళ్ళంతా విన్నారు. కంపెనీ మనిషిని ఒక్క ప్రశ్నతో పంపించిన రత్నమాల ఈసారి ఏమీ అడగలేదు. పంపును బల్ల మీద పెట్టి, ఇది ఆ పూట గట్టెక్కించే మందేనని, దీని మీదే బతకవద్దని అన్నది. లచ్చమ్మ అది తీసుకుని వచ్చేసింది. గెలిచానని అనిపించింది. అంత సులువుగా గెలవనిచ్చిందేమిటని కూడా అనిపించింది.

బతుకమ్మను ముట్టుకోవద్దన్నదన్న మాట గల్లీలోంచి టెంటుకు, టెంటు నుంచి మిగతా బస్తీలకు పాకింది. జనం పెద్దరోడ్డు మీది దుకాణానికి పోవడం మొదలుపెట్టారు. అంత దూరం నడవలేనివాళ్ళు రత్నమాల దగ్గరికే వచ్చి, కావలసింది చెప్పి నోరు మూసుకునేవాళ్ళు. ఆమె ఏమడిగినా ఒకటే జవాబు: ఇచ్చేదుంటే ఇయ్యి.

పండుగ మొదటిరోజు, ఎంగిలిపూల బతుకమ్మ నాడు లచ్చమ్మ పంతం పట్టి మరీ తన చేతులతోనే పేర్చింది. గునుగు దులిపింది, వరస మీద వరస పెట్టింది, మోకాలెత్తు బతుకమ్మను లేపింది. పొద్దు వాలుతుండగా స్టేషన్ ముందరి రోడ్డు ఆడవాళ్ళతో నిండిపోయింది. మొదటి పాట బాగానే పోయింది. రెండో పాటలో మూడో చరణం ఎత్తుకుని, సగంలో ఆగింది. ఊపిరి లోపలికి పోతోంది, బయటికి రావడం లేదు. చప్పట్లు ఆమె మాట కోసం రెండు మూడు సార్లు ఊరికే పడ్డాయి. ఆ తర్వాత పక్క బస్తీ ఆడది ఎవరో ఆ చరణాన్ని అందుకుంది, ఆట ముందుకు పోయింది. లచ్చమ్మకు ఊపిరి ఆగినదానికన్నా అదే ఎక్కువ తగిలింది.

పక్కకు వచ్చి నేల మీద కూలబడి నీలం పంపు పీల్చింది. మళ్ళీ పీల్చింది. తలుపు తెరుచుకోలేదు. సక్కుబాయి పరుగెత్తింది.

రత్నమాల ఆడవాళ్ళను తోసుకుంటూ వచ్చింది. ఈమెనెవరు పిలిచారని ఎవరో గట్టిగానే అన్నారు. ఆమె వినిపించుకోలేదు. లచ్చమ్మ వెనక కూర్చుని, వీపును తన మీద ఆనించుకుని, సీసాలాంటి ఒక పెద్ద ప్లాస్టిక్ గొట్టానికి పంపు తగిలించి ఆమె నోటికి పెట్టింది. పీల్చండి, ఆపండి, వదలండి అని చెవిలో చెబుతూ పోయింది. లచ్చమ్మకు ఆ వేళ అనుమానపడే ఓపిక కూడా లేదు. పోచయ్య సమ్మెలో ఉన్న ఆటో ఒకదాన్ని బతిమాలి తెచ్చాడు. ఎక్కేముందు రత్నమాల సక్కుబాయితో ఏదో చెప్పింది, సక్కుబాయి లచ్చమ్మ ఇంటికి పోయి, వెతికి, గూట్లోంచి గుడ్డ కింద ఉన్నది తెచ్చి ఆమె చేతికిచ్చింది.

దవాఖానలో ముక్కుకూ నోటికీ మాస్కు తగిలించి పొగలా వచ్చే మందు పట్టాక లచ్చమ్మ గుండె నెమ్మదించింది. డాక్టరు వచ్చి, రోజూ పీల్చమన్న పంపు పీలుస్తోందా అని అడిగాడు. లచ్చమ్మ రత్నమాల వైపు చూసింది. గోధుమరంగు పంపు రత్నమాల గుప్పిట్లోనే ఉంది. ఆమె దాన్ని ఒకసారి ఊపి చూసింది. కొన్నది కొన్నట్టే బరువుగా ఉందని లచ్చమ్మకు తెలుసు, ఆమెకూ తెలిసిపోయింది. పోచయ్య పక్కనే ఉన్నాడు. ఇంత మంది ముందు ఇక తన పరువు తీస్తుందని లచ్చమ్మ పళ్ళు బిగపట్టింది.

"నేనే సరిగ్గా నేర్పలేదండీ డాక్టరుగారూ," అన్నది రత్నమాల. "మళ్ళీ నేర్పుతాను."

ఇంటికి వచ్చాక ఆ మాటను లచ్చమ్మ ఎన్ని రకాలుగా తిప్పి చూసిందో. చేతికందిన గెలుపును వదులుకునే మనిషిని ఎట్లా నమ్మాలి? వదిలిందంటే ఇంతకన్నా పెద్దది దేని మీదో కన్నేసి ఉండాలి. టెంటు వాళ్ళతో మంచి అనిపించుకోవాలనా? దుకాణం అద్దాలు పగలకుండా చూసుకోవాలనా? ఏదీ తేలలేదు. తేలకపోతే పోయి కనిపెట్టాల్సిందే అనుకుంది.

మర్నాటి నుంచి పొద్దున్నే దుకాణం ముందరి బల్ల మీద పోయి కూర్చుంది. రత్నమాల ముఖం ముందరే గోధుమరంగు పంపు తీసింది.

"నువ్వు చూస్తుండంగనే పీలుస్త. పని చెయ్యకపోతే గల్లీ అందరికి నేనే చెప్త," అన్నది.

"చెప్పండి. అప్పుడు కూడా పుక్కిలించి చెప్పండి," అని రత్నమాల నీళ్ళ చెంబు ఇచ్చింది.

అలా రోజూ కూర్చుంది. కూర్చుని అన్నీ గమనించింది. జనం చెప్పినవి ఈమె ఎక్కడ రాసుకుంటుందా అని చూసింది. రాసుకోవడం కనబడలేదు. కనబడకుండా రాస్తోందేమో అనుకుంది. సమ్మె వల్ల ఆఫీసు లేని పట్టాభిరామయ్య పగలు ఎక్కడికి పోతాడా అని చూసింది. ఆయన వరండాలో పేపరు చదువుకుంటూ కునుకు తీశాడు. అందులోనూ పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. మధ్యలో తనకు తెలియకుండానే నీలం పంపు తీయడం తగ్గిపోయింది. డాక్టరు ఇచ్చిన మాత్రల వల్లే అయి ఉంటుందని తనకు తాను చెప్పుకుంది. మెట్లెక్కి దిగి చూసుకుంది, మళ్ళీ ఎక్కి చూసుకుంది.

పండుగ చివరిరోజు, సద్దుల నాడు గునుగు దులపడం సక్కుబాయికి అప్పగించింది. చెయ్యి నొప్పి అన్నది, ఇంకేమీ అనలేదు. ఆట దగ్గర గాలి తన వైపు నుంచి పూల వైపు వీచేలా కుర్చీ వేయించుకుంది. అది తన సొంత తెలివే. సగం పాటలు ఆమె చెప్పింది, మిగతా సగం ఆ పక్క బస్తీ ఆడది చెప్పింది. పంచుకోవడం లచ్చమ్మకు రుచించలేదు. కానీ చెప్పినంత వరకూ ఒక్క మాట తెగలేదు. రోడ్డు అటు చివర ఉన్నవాళ్ళకు కూడా వినబడింది.

పండుగ అయిపోయింది, సమ్మె అవలేదు. లచ్చమ్మ పొద్దున వచ్చి కూర్చోవడమూ మానలేదు. ఒకనాడు నీలమ్మ వచ్చింది. మేడల దగ్గర ఇటుకలు మోసే మనిషి, గల్లీ చివర రేకుల గదిలో ఉంటుంది. దగ్గుమందు కావాలన్నది. రత్నమాల అలవాటు కొద్దీ పొడిదగ్గా, తడిదగ్గా అని అడిగింది. నీలమ్మ నోరు తెరవలేదు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. ఇచ్చేదుంటే ఇయ్యమన్నది నీలమ్మ. అంతలోనే దగ్గు తెర వచ్చింది, కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ దగ్గు చివర సన్నగా ఈల వేసినట్టు ఒక చప్పుడు. ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో, దానితో ఎలా ఉంటుందో లచ్చమ్మకు తెలుసు.

రత్నమాల రెండు అరల మధ్య నిలబడిపోయింది. ఆమె చెయ్యి ఒకసారి పొడిదగ్గు మందు వైపు లేచి దిగింది. నీలమ్మ ఆమె వైపు చూడటమే లేదు. బల్ల మీద కూర్చున్న లచ్చమ్మ ముఖం చూస్తోంది, చెప్పమంటావా వద్దంటావా అన్నట్టు. లచ్చమ్మ చూపు తిప్పుకుని రోడ్డు వైపు చూసింది.

రత్నమాల అది కనిపెట్టింది. గాజుబల్ల చుట్టూ తిరిగి బయటికి వచ్చి, లచ్చమ్మ పక్కన నిలబడి, నీలమ్మకు వినబడేంత గొంతుతోనే అన్నది.

"పెద్దమ్మగారూ, నేనడిగితే వీళ్ళు చెప్పరు. చెప్పకపోతే ఏ అరలో చెయ్యి పెట్టాలో నాకు తెలియదు. ఈల వేస్తున్న గుండెకు దగ్గు ఆపే మందు పోస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మీరు నన్ను కనిపెట్టడానికే రోజూ వచ్చి కూర్చుంటున్నారు, నాకు తెలుసు. ఆ కనిపెట్టేదేదో లోపలికి వచ్చి నా పీట మీద కూర్చుని కనిపెట్టండి. నా ప్రశ్నలు మీరడగండి. మీకు ఇష్టం లేనివి అడక్కండి, ఇంట్లో ఎంతమంది అని అసలే అడక్కండి. ముందు ఈమెను అడగండి, కఫం పడుతోందా, లేదా?"